రిలీవర్ రాని సేనాపతి

హన్నిబాల్ ఏనుగులను తోలుకుంటూ ఆల్ప్స్ పర్వతాలు దాటిన సంగతి పాఠ్యపుస్తకంలో చదవకముందే నేను సన్యాసిరావు తాత నోట విన్నాను. తాత చెప్పే హన్నిబాల్ కొంచెం మా బిలాస్‌పూర్ గూడ్సు గార్డులా ఉండేవాడు. మంచుకొండ మీద కూడా ఆయన మెడలో విజిల్ వేలాడేది. ఏనుగు మొరాయిస్తే కిందికి దిగి, దాని కాళ్ల దగ్గర వంగి చూసి, "బ్రేకు పట్టేసినాదర్రా" అని వెనకవాళ్లకు కేక వేసేవాడు. కాలేజీలో మా ప్రొఫెసరు అదే యుద్ధం చెప్పినప్పుడు ఎక్కడా విజిల్ రాలేదు. నాకు ఏదో వెలితిగా అనిపించింది.

తాత మాకు చుట్టం కాదు. మా పెద్దవాళ్లలాగే ఆయన పెద్దవాళ్లూ శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. గూడ్సు బళ్లకు గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు కానీ, తాత ముందు ఆ మాట అంటే "నానేటి మేనేజర్ని, హోటలు నడిపినానా?" అంటాడు. వేరే బళ్లకు దారివ్వడానికి లూపు లైన్లో బండిని నిలబెట్టేసినప్పుడల్లా ఆఖరి పెట్టె బ్రేక్‌వ్యాన్‌లో కూర్చుని సేనాపతుల కథలు చదవడం ఆయన అలవాటు. డ్యూటీ మార్చుకోవడానికి రావలసిన రిలీవర్ రాక, ఏ అడవి స్టేషన్లోనో చిక్కుకుపోయిన రోజుల్లో ఆయనకు హన్నిబాలే తోడు.

"శత్రువు దేశంలో పదిహేనేళ్లు దాటి ఉండిపోనాడు. ఇంటికాడ్నించి రిలీవర్ని పంపినారేటి? తమ్ముడు బయల్దేరినాడు, ఆణ్ణి దార్లోనే సంపీసినారు. ఆడి బాధ నాకు తెలుసు" అంటాడు.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. నాన్న అప్పారావు పట్టాల గ్యాంగులో పని చేస్తాడు. నేను చరిత్రలో ఎమ్మే చదివి, తిఫ్రాలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. నా పేరు ఉషారాణి. తాత మాత్రం "హిస్టరీ మేడమ్" అని పిలుస్తాడు. అందులో సగం ముద్దు, సగం వెక్కిరింత.

రైల్వే కాలనీ మైదానంలో మా తెలుగువాళ్ల వినాయకుణ్ణి నేను పుట్టకముందు నుంచీ తాతే నిలబెడుతున్నాడు. నిమజ్జనం ఊరేగింపును ఆయన నడిపే పద్ధతి ఇంకెక్కడా చూడం. ముందు తప్పెటగుళ్లవాళ్లు, తర్వాత ట్రాక్టరు మీద స్వామి, ఆ వెనక ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. అందరికన్నా ఆఖరున తాత. చేతుల్లో పచ్చజెండా, ఎర్రజెండా, నోట్లో విజిల్. ఆయన పచ్చజెండా ఊపితేనే ట్రాక్టరు కదలాలి. ఎర్రజెండా ఎత్తితే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి. "సేనాపతి ముందుండాలి కదా తాతా?" అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను.

"ముందున్నోడికి దారి కనబడతాది. ఎనకున్నోడికి మనుషులు కనబడతారు" అన్నాడు.

పోయినేడు ఆ పద్ధతి చెడింది.

శివాజీ మావయ్య లోకోపైలట్, అంటే రైలు డ్రైవరు. ఊరేగింపులో ట్రాక్టరు పక్కన ఉండి నడిపించేది ఆయనే. మనిషి మంచివాడే గానీ, ఇంజిన్లో ఉన్నా ఇంట్లో ఉన్నా ముందుకు పోవడం తప్ప ఇంకో ఆలోచన ఉండదు. పోయినేడు కుర్రాళ్ల మాట కాదనలేక తప్పెటగుళ్ల పక్కనే డీజే బండి కూడా పెట్టించాడు. ఊరేగింపు చివర ప్రతాప్‌గారి వాళ్లు ఉన్నారు. ప్రతాప్‌గారు గోదావరిఖని మనిషి, ఇక్కడి బొగ్గు కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు. ఆయనలాగే బొగ్గు, కరెంటు, బ్యాంకు ఉద్యోగాల మీద వచ్చిన తెలుగువాళ్లు కొన్నేళ్లుగా మా వినాయకుడి దగ్గరికే వస్తున్నారు. ప్రతాప్‌గారి అమ్మ ఆండాళమ్మగారికి మోకాళ్ల నొప్పులు. నెమ్మదిగా నడుస్తారు. నదిలో దించే ముందు స్వామికి ఆఖరి హారతి ఇచ్చేది ఆవిడే.

అండర్‌పాస్ దగ్గర జనం కలిసిపోయి ఊరేగింపు రెండు ముక్కలైంది. తాత ఎర్రజెండా ఎత్తాడు. బుగ్గలు పొంగేలా విజిల్ ఊదాడు. డీజే మోతలో ఎవరికి వినిపిస్తుంది? వెనకవాళ్లు అర్పా నది ఘాట్‌కు చేరేసరికి స్వామి నీళ్లలో ఉన్నాడు. ఆండాళమ్మగారు హారతి పళ్లెం పట్టుకుని మెట్ల మీద నిలబడి నీటి బుడగలను చూస్తున్నారు.

ఆవిడ ఏమీ అనలేదు. ప్రతాప్‌గారు ఈ ఏడు అన్నారు. వినాయక చవితి దగ్గర పడుతుండగా, తాము తమ ఫ్లాట్ల దగ్గర వేరే పందిరి వేసుకుంటామని కబురు పంపారు. "పోతే పోనీ" అని శివాజీ మావయ్య బదులు పంపాడు. ఆ కబుర్లు విని తాత రెండు రోజులు సరిగా అన్నం తినలేదని అప్పలనర్సమ్మ మామ్మ, అంటే తాత భార్య, మా అమ్మతో చెప్పింది. ఇంతకాలం ఒక్కడుగా ఉన్న వినాయకుడు తాత కళ్ల ముందే ఇద్దరు కాబోతున్నాడు.

ఆదివారం పొద్దున తోర్వాలో తాత ఇంటి వరండాలో అందరం కూర్చున్నాం. ప్రతాప్‌గారు సూటిగా చెప్పారు.

"నాకేం పంతం లేదు తాతా. ఊరేగింపు నడిపే పని నాకియ్యి. మా వాళ్లందరిని నేనే తోలుకొస్త. లేకుంటే మాది మేం వేసుకుంటం."

"అచ్ఛా! నిన్నగాక మొన్నొచ్చి చార్జి అడుగుతున్నావేటి?" అన్నాడు శివాజీ మావయ్య. "బాబాయ్, ఈయనకిస్తే రైల్వే వాళ్లం ఎవులమూ రాము. నాకియ్యి."

"నీకిస్తే ఘాట్‌కాడ దేవుడుండడు, బుడగలుంటయి" అన్నారు ప్రతాప్‌గారు.

తాత ఇద్దరినీ చూశాడు. "ఇద్దరికీ ట్రైనింగవ్వనేదు" అన్నాడు. ఎవరు చార్జి అడిగినా ఆయన ఏళ్ల తరబడి అంటున్న మాటే అది. కానీ ఈసారి అక్కడితో ఆపలేదు. "సరే, ఒక పని సేద్దాం. ఇద్దరూ చెరో సేనాపతిని పట్టుకు రండి. మీవోడు ఎందుకు గొప్పో పై ఆదివారం నాకు సెప్పండి. ఎవులి సేనాపతి నెగ్గితే ఆడికే జెండాలు. తీర్పు హిస్టరీ మేడమ్ సెప్తాది."

నేను కాదనబోయాను. మా అమ్మ మంగాయమ్మ వెనక నుంచి వీపు మీద పొడిచింది. పెద్దవాళ్లు పని చెబితే చేసేయడమే మా ఇంటి పద్ధతి. తల ఊపాను.

ఆ వారమంతా నేను స్కూలు నుంచి రాగానే పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. పరీక్షలకు కూడా అంతగా చదవలేదేమో. తీర్పు తప్పయితే ఒక వినాయకుడు విరిగిపోతాడు, అదే నా భయం.

పై ఆదివారం వరండా నిండిపోయింది. అమ్మ మరమరాల ఉండలు పంచింది. ముందు శివాజీ మావయ్య లేచాడు. సేనాపతి అలెగ్జాండర్.

"అలెగ్జాండర్ ఎక్కడుండేవాడు? ఇంజిన్లో! అందరికన్నా ముందు. ముల్తాన్ వైపు ఒక కోట మీద పడ్డారు. నిచ్చెనలు విరిగిపోనాయి. ఎనక జనం రానేదు. మనోడు ఆగినాడేటి? ఒకరిద్దరు తోడుంటే చాలని గోడ మీంచి లోపలికి దూకీసినాడు. ఛాతీలో బాణం దిగినాది. అది చూసి సైన్యానికి పూనకమొచ్చీసింది. లీడరంటే అలాగుండాల!"

"ఎనక జనం రానప్పుడు ఆగాల అని ఆయనకెవరూ చెప్పలేదా అన్నా?" అన్నారు ప్రతాప్‌గారు. వెనక వరసలో నవ్వులు.

మావయ్య పట్టించుకోలేదు. "ఇంకోటి ఇనండి. ఎడారిలో నడుస్తున్నారు. నీళ్లు నేవు. ఎవడో వెతికి వెతికి హెల్మెట్లో కొన్ని నీళ్లు తెచ్చి రాజుకిచ్చాడు. రాజేటి చేసినాడు? మీ అందరికీ లేనివి నాకొద్దని అందరి ముందూ పారబోసీసినాడు!"

మావయ్య వాళ్లంతా చప్పట్లు కొట్టారు. అమ్మ చెయ్యెత్తింది.

"తాగకపోతే మాననీ, ఎవులికైనా నీరసపడ్డోడికి పట్టొచ్చు కదా? పారబోయడమేటి తమ్ముడూ, అంత ఎడారిలో?"

"అంటే... అది స్టైలక్కా" అన్నాడు మావయ్య.

తర్వాత ప్రతాప్‌గారు లాప్‌టాప్ తెరిచారు. తెర మీద యూరప్ మ్యాపు, దాని మీద రంగురంగుల బాణాలు. సేనాపతి నెపోలియన్.

"నెపోలియన్ మొత్తం సైన్యాన్ని ఒక్క తొవ్వల తీసుకుపోకపోతుండె. ఒక్కో దండు ఒక్కో తొవ్వ. తిండి ఎక్కడ దొరుకుతది, నది ఎక్కడ దాటాలె, అన్నీ ముందే లెక్క. కొట్లాట కాడికి వచ్చేసరికి అందరు ఒక్కటైతుండ్రి. ఇంకో ముచ్చట. మామూలు సిపాయిని కూడా గుర్తువెట్టుకొని, నువ్వు ఫలానా యుద్ధంల ఉన్నవు గద అని చెవు పట్టుకొని గుంజుతుండె. అట్ల గుంజిచ్చుకున్నోడు ప్రాణం ఇస్తుండె."

"నా చెవి ముట్టుకుంటే నానూరుకోను" అన్నాడు శివాజీ మావయ్య. "సరే గానీ, మరి రష్యాకెళ్లినప్పుడు నీ బాణాలేటయ్యాయి?"

ప్రతాప్‌గారు మ్యాపును పక్కకు జరిపారు. "అక్కడ... చలి జర ముందుగాల్నే వచ్చింది."

"టైంటేబుల్ చూసుకోనేదా?"

అమ్మ మళ్లీ చెయ్యెత్తింది. "ఎంతమందిని తీసుకెళ్లాడు బాబూ?"

"ఆరు లక్షలు అంటరు అక్కా."

"అంతమందికి వంటెవులు చేసినారు?"

"అదే అక్కా, తిండి అందలే. అక్కడి రైతులు పంటలు కాలవెట్టి పోయిండ్రు. వెనక నుంచి వచ్చే బండ్లు బురదల దిగవడ్డయి."

"మరదే" అంది అమ్మ, తీర్పు తనే చెబుతున్నట్టు. "వంటోళ్లని అడక్కుండా ప్లాన్లేస్తే అంతే. మన ఊరేగింపులో పులిహోర ఎక్కడ పంచాలో నన్నెవులైనా అడిగినారా?"

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "సెప్పు మేడమ్."

నేను లేచాను.

"యుద్ధం చేయడంలో ఇద్దరూ ఇద్దరే. అందులో నేను ఎక్కువ తక్కువలు చెప్పలేను. ఒకరు జనంలో ధైర్యం పుట్టించారు, ఒకరు లెక్కతో గెలిచారు. కానీ నేను ఇంకో సంగతి చూశాను. వాళ్లు వెళ్లిపోయాక ఏం మిగిలింది అన్నది. అలెగ్జాండర్ బాబిలోన్‌లో జ్వరంతో పోయాడు. తన తర్వాత ఎవరో తేల్చి చెప్పలేదు. ఆయన సేనాపతులే ఒకరినొకరు చంపుకుని రాజ్యాన్ని ముక్కలు చేసుకున్నారు. నెపోలియన్ రాయించిన చట్టాలు నిలిచాయి, అది ఒప్పుకోవాలి. కానీ రాజ్యాలన్నీ అన్నదమ్ములకు పంచాడు. వాళ్లు నిలబెట్టలేకపోయారు. చివరికి ఆయన సముద్రం మధ్య లంకలో ఉండిపోయాడు, ఫ్రాన్సు ఆయన చేతికి వచ్చినప్పటికన్నా చిన్నదైపోయింది. ఇద్దరూ చార్జి సరిగ్గా అప్పగించలేదు."

"మరి అప్పగించినోడు ఎవులైనా ఉన్నారేటి?" అన్నాడు తాత.

"చెంఘిజ్ ఖాన్ ఉన్నాడు."

వరండా గొల్లుమంది. "వినాయకుడి మీటింగులో ఆడి పేరేటే!" అని అమ్మ తల కొట్టుకుంది.

"మంచివాడని అనలేదమ్మా. ఊళ్లకు ఊళ్లు నాశనం చేశాడు. కానీ బతికుండగానే అందరినీ కూర్చోబెట్టి, నా తర్వాత ఒగొదేయ్ అని కొడుకు పేరు చెప్పాడు. పెద్ద కొడుకులిద్దరూ కొట్టుకుంటుంటే, ఇద్దరికీ సర్దిచెప్పగల మూడోవాణ్ణి ఎంచాడు. ఆయన పోయాక రాజ్యం విరగలేదు, ఇంకా పెరిగింది."

తాత కుర్చీలో ముందుకు జరిగాడు. కళ్లు మెరుస్తున్నాయి. "ఆడి సంగతి సరే. మరి మన హన్నిబాల్? ఆడికి మార్కులెన్ని?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. వారమంతా దాని గురించే ఆలోచించాను. ఇంకో రకంగా చెప్పే తెలివి నాకు లేకపోయింది.

"హన్నిబాల్‌కి రిలీవర్ రాలేదు తాతా. నీకు ఇద్దరొచ్చారు. నువ్వే బండి దిగడం లేదు."

తాత మొహం ఎర్రబడింది. "గార్డుగా చేసినోణ్ణి. నాకు చార్జి అప్పగించడం నువ్వు నేర్పుతావేటి?" అన్నాడు. చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వెళ్లిపోయాడు. తలుపు వేసుకున్న చప్పుడైంది.

అందరూ నా మీద పడ్డారు. అన్నిటికన్నా చిత్రం, శివాజీ మావయ్య, ప్రతాప్‌గారు ఒకే గొంతుతో తిట్టారు.

"అరే యార్, ఇంత చదివి ఇదేటే! పెద్దాయన్ని పట్టుకుని..."

"గట్లంటరా చెల్లె? మనసు కష్టపెట్టినవ్."

"నేను వద్దన్నాను కదా, ఈ గుంటకి తీర్పులేటని!" అంది అమ్మ. నిజానికి పొడిచింది ఆవిడే.

తిట్టడం అయ్యాక వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూ ఒకే బండి మీద వెళ్లిపోయారు. ప్రతాప్‌గారి కారు పంచరట.

మర్నాడు స్కూలు అయ్యాక స్కూటీ నేరుగా తోర్వాకు పోనిచ్చాను. అన్న మాట వెనక్కి తీసుకోవాలని కాదు. అన్న తీరుకు క్షమించమని అడగాలని. మామ్మ గుమ్మంలోనే ఎదురైంది.

"నిన్నట్నించీ మాటా పలుకూ నేదు. పొద్దుట్నించి ఆ జెండాలే ఉతుకుతున్నాడు, ఇప్పుడు ఇస్త్రీ చేస్తన్నాడు. నువ్వే ఎల్లి చూడు" అంది.

తాత బల్ల మీద దుప్పటి పరిచి పచ్చజెండాను ఇస్త్రీ చేస్తున్నాడు. నన్ను చూసి తల ఎత్తలేదు.

"తాతా, నిన్న నేను..."

"ఊరుకో. నిన్న రాత్రి నిద్దర పట్టనేదు. పోయినేడు నా విజిల్ ఎవులికీ ఇనబళ్లేదు. అది నాకు తెలుసు. ఊరంతటికీ తెలుసు. ఎవులూ నాతో అననేదు, ముసలోడు బాధపడతాడని. ఆండాళమ్మగారు కూడా అననేదు. ఆవిడ ఒక్క మాట తిట్టినా బాగున్ను." ఇస్త్రీపెట్టె ఆపి నా వైపు చూశాడు. "సరే, దిగుతాను. ఎవులికియ్యమంటావు? శివాజీకిస్తే ముందుకే పరిగెడతాడు, ఎనక్కి చూడడు. ప్రతాప్‌కిస్తే ఎనకోళ్లని బాగా చూస్తాడు గానీ, ముందు దారి కోసం మ్యాపు చూస్తా నిలబడిపోతాడు. నీ ఖానుగారిలాగ మూడోవోణ్ణి తెమ్మంటావా? మూడోవోడు నాకు నేడు."

అప్పుడు గోడ మీద ఉన్న ఫోటో కనిపించింది. రిటైరైన రోజున తీసింది. పూలదండతో తాత, పక్కన ఆ రోజు బండి నడిపిన డ్రైవరు. ఇద్దరి చేతుల్లోనూ పచ్చజెండాలు.

"ఈయన జెండా ఎందుకు పట్టుకున్నాడు తాతా? డ్రైవరు కదా?"

"డ్రైవరు దగ్గర జెండా ఉండదేటి? నాను ఎనక ఊపితే, ఆడు ఇంజిన్లోంచి చూసి, ముందు ఊపాల. ఇద్దరూ ఊపితేనే బండి కదుల్తాది. వంపు తిరిగినప్పుడల్లా ఆడు ఎనక్కి తిరిగి చూడాల, నాను ఆడికి కనబడాల. ఒక్కడే బండి నడిపీడానికి..."

తాత ఆగిపోయాడు. నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

"ఓలమ్మా!" మామ్మ పరుగెత్తుకొచ్చింది. "నవ్వులేటి, జెండా కాలిపోతంది!"

ఇస్త్రీపెట్టె కింద పచ్చగుడ్డ మీద గోధుమరంగు మచ్చ పడింది. తాత ఆ జెండాను ఎత్తి వెలుగుకు పట్టి చూశాడు. "పర్వానేదు. పని చేస్తాది" అన్నాడు.

రెండు రోజుల తర్వాత తాత మళ్లీ అందరినీ పిలిచాడు. శివాజీ మావయ్యను ఒక పక్క, ప్రతాప్‌గారిని ఒక పక్క నిలబెట్టాడు. మావయ్య చేతికి మచ్చపడ్డ పచ్చజెండా ఇచ్చాడు. ప్రతాప్‌గారి చేతికి కొత్త పచ్చజెండా, తన పాత ఎర్రజెండా, విజిల్ ఇచ్చాడు.

"ఆడు డ్రైవరు. నువ్వు గార్డువి. ఎనక పచ్చజెండా కనబడకపోతే ట్రాక్టరు కదలదు. ప్రతి వంపు కాడా శివాజీ ఎనక్కి తిరిగి చూడాల. డీజే మోత వంపు కాడ ఆగిపోవాల. ఎర్రజెండా ఎత్తితే ఎందుకని అడక్కుండా ఆగాల. అంతే."

ప్రతాప్‌గారికి సందేహం తీరలేదు. "నెపోలియన్ ఒక మాట చెప్పిండు తాతా. ఇద్దరు మంచి సేనాపతుల కన్న ఒక్క చెడ్డ సేనాపతి నయమని."

"నెపోలియన్ గూడ్సు బండెక్కనేదు బాబూ" అన్నాడు తాత.

ఇక దాని మీద చర్చ జరగలేదు.

తర్వాత తాత గొంతు సవరించుకున్నాడు. దిగే గార్డు ఎక్కే గార్డుకు బండిలో ఉన్న లోపాలన్నీ చెప్పి మరీ దిగాలి. "ఇను. ట్రాక్టరు బ్రేకు ఎడమకి లాగుతాది. అండర్‌పాస్ లోపల స్వామి కిరీటం తగుల్తాది, ఒకడు పైకెక్కి చూసుకోవాల. తప్పెటగుళ్లోళ్లకి దారిలో టీ ఇవ్వకపోతే పాట పొట్టిగా పాడేస్తారు. మంగాయమ్మ పులిహోర గుడి మలుపు కాడ పంచాల, లేకపోతే అలుగుతాది. మీ అమ్మగారికి మోకాళ్లు. ఆవిడ నడకే బండి స్పీడు." కాస్త ఆగాడు. "ఇంక లోపాలు నేవు. బండి బాగుంది. చార్జి అప్పగించినాను."

ప్రతాప్‌గారు విజిల్ తాడును మెడలో వేసుకున్నారు.

"తీసుకున్న తాతా" అన్నారు.

వేరే పందిరి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నిమజ్జనం రోజు మధ్యాహ్నం ఊరేగింపు కదిలింది. మావయ్య మొదటి మలుపులోనే వెనక్కి తిరిగి చూడడం మరిచిపోబోయాడు. తప్పెటగుళ్లవాళ్లు నలుగురూ "జెండా, జెండా!" అని అరిచారు. ఆ తర్వాత అది ఒక ఆటలా అయిపోయింది. మలుపు వచ్చినప్పుడల్లా డీజే ఆగేది, మావయ్య వెనక్కి తిరిగేవాడు, చివర నుంచి ప్రతాప్‌గారు ఊపేవారు, మావయ్య మచ్చజెండా ఊపేవాడు, పిల్లలంతా రైలు గార్డుల్లా "ఆల్ రైట్!" అని కేక పెట్టేవారు. రోడ్డు పక్క దుకాణాలవాళ్లు కూడా బయటికి వచ్చి చూశారు.

అండర్‌పాస్ దగ్గర పోయినేటిలాగే జనం కమ్ముకున్నారు. మావయ్య వెనక్కి తిరిగాడు. దూరంగా ఎర్రజెండా. ట్రాక్టరు ఠక్కున ఆగింది. తనే పరుగున వెళ్లి డీజే కట్టేయించాడు. అంత జనమూ నిశ్శబ్దంగా నిలబడితే, ఆండాళమ్మగారు పళ్లెం పట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ వచ్చి కలిశారు.

"ఏం ప్రతాప్ భాయ్, నీ మ్యాపులో అమ్మగారి నడక కలపనేదా?" అని మావయ్య ముందు నుంచి కేకేశాడు.

"నీ ఇంజిన్‌కు బ్రేకు ఉన్నదని ఇయ్యాల్నే తెలిసిందన్నా!" అని వెనక నుంచి బదులొచ్చింది.

అప్పుడు తాత నా భుజం తట్టాడు. ఆయన ఆడవాళ్ల మధ్యలో నడుస్తూ పులిహోర తింటున్నాడు. ఖాళీ చేతులు ఏం చేసుకోవాలో తెలియక రెండో పొట్లం కూడా తీసుకున్నట్టున్నాడు.

"మేడమ్, నీ స్కూటీ ఉందేటి? నన్ను ముందే ఘాట్‌కాడ దింపు."

"ఎందుకు తాతా? కాళ్లు నొప్పా?"

"కాళ్లకేటి? పందిట్లో స్వామిని రోజూ చూసినాను గానీ, ఊరేగింపులో ఆడి ఈపు తప్ప ఎప్పుడూ చూడనేదు. ఎనకుండేవోడికి అంతే కనబడతాది. ఎదురొచ్చినప్పుడు ఎలాగుంటాడో చూస్తాను."

ఘాట్ మెట్ల మీద ఇద్దరం నిలబడ్డాం. ఎండ దిగి నది మీద ఎర్రగా పడుతోంది. ముందు తప్పెట్లు వినిపించాయి. తర్వాత మలుపులో స్వామి కనిపించాడు. ట్రాక్టరు కుదుపుకు చెవులు కదులుతున్నట్టు, తొండం ఊగుతున్నట్టు, అచ్చంగా నడిచి వస్తున్నట్టే ఉన్నాడు. ఆయన వెనక ఒక్కరూ విడిపోకుండా అంత జనం.

"ఓరి! ఇలాగొస్తాడేటి ఈడు!" అన్నాడు తాత. "నవ్వుకుంటా వస్తన్నాడు చూడు. ఇన్నేళ్లూ మీరందరూ ఇది చూసినారు, నాకెవులూ సెప్పనేదు."

మలుపులో మావయ్య వెనక్కి తిరిగాడు. చివర ప్రతాప్‌గారి పచ్చజెండా ఊగింది. అది చూసి తాత కుడిచెయ్యి అలవాటుగా పైకి లేచింది. అందులో జెండా లేదు. ఒక్క క్షణం అలాగే ఉంచి, రెండో చెయ్యి కూడా తెచ్చి కలిపి దండం పెట్టాడు.

ఆండాళమ్మగారు మెట్లు దిగి వచ్చి హారతి వెలిగించారు. ముందు స్వామికి చూపించారు. తర్వాత పళ్లెం తెచ్చి తాత ముందు పట్టారు. తాత హారతి కళ్లకు అద్దుకున్నాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగాడు.

"ఒచ్చే ఏడు ఇంకా ముందొచ్చీయాల మేడమ్. ఆ పై మెట్టు కాడైతే ఇంకా బాగా కనబడతాది."